డ్రైవింగ్ లైసెన్సు: సుల్తాన్ బజార్ వీధుల నుంచి నాగోలు ట్రాక్ దాకా

డ్రైవింగ్ లైసెన్సు అంటే బహిరంగ స్థలంలో మోటారు వాహనం నడపడానికి ప్రభుత్వం ఇచ్చే అనుమతి. ఇది లేకుండా ఎవరూ బండి నడపకూడదని 1988 మోటారు వాహనాల చట్టం మూడో సెక్షను చెబుతుంది. కొత్తగా నేర్చుకునేవారికి ముందుగా దొరికేది ఆరు నెలల గడువున్న లెర్నర్ లైసెన్సు. తెలుగునాట దాన్ని అందరూ ఎల్‌ఎల్‌ఆర్ అనే పిలుస్తారు. అది చేతికొచ్చాక కనీసం 30 రోజులు గడిస్తే గానీ పక్కా లైసెన్సు పరీక్షకు వెళ్లే అర్హత రాదు. చాలామంది ఈ 30 రోజులను స్లాటు కోసం ఎదురుచూసే ఖాళీ సమయంగా లెక్కేస్తారు. నిజానికి మొత్తం వ్యవహారంలో అసలైన భాగం అదే. కంప్యూటరు ముందు రాసే పరీక్ష గుర్తులను అడుగుతుంది, ట్రాక్ మీద జరిగే పరీక్ష స్టీరింగును, క్లచ్చును చూస్తుంది. మనుషుల మధ్య బండి నడపడం మాత్రం ఈ రెండింటికీ నడుమ, వీధిలోనే వస్తుంది. హైదరాబాద్ నడిబొడ్డున ఉన్న సుల్తాన్ బజార్, నారాయణగూడ, చిక్కడపల్లి, అశోక్ నగర్ ప్రాంతాల్లో ఈ మాట ఎంత నిజమో స్పష్టంగా తెలుస్తుంది.

ప్రాంతం

సుల్తాన్ బజార్ పాత పేరు రెసిడెన్సీ బజార్. కోఠీలోని బ్రిటిష్ రెసిడెన్సీని ఆనుకుని పెరిగిన బజారు ఇది. 1933లో నిజాం పాలనలోకి తిరిగి వచ్చాక ఇప్పటి పేరు స్థిరపడింది. 1901లో స్థాపించిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం ఉన్నదీ ఈ పేటలోనే. మోటారు బండ్లు రాకముందే పుట్టిన బజారు కాబట్టి దీని సందులు కాలినడకకూ జట్కాలకూ సరిపడే వెడల్పులోనే ఉండిపోయాయి. ఇప్పుడు ఆ సందుల్లోనే బట్టల దుకాణాలు, తోపుడు బండ్లు, బడీచౌడీ వైపు వెళ్లే జనం, ఆటోలు, స్కూటర్లు అన్నీ సర్దుకోవాలి.

ఉత్తరంగా నడిస్తే నారాయణగూడ, దాని తరువాత చిక్కడపల్లి, ఆపైన ఆర్టీసీ క్రాస్ రోడ్స్ వస్తాయి. 2020 ఫిబ్రవరి 7న మొదలైన జేబీఎస్–ఎంజీబీఎస్ మెట్రో మార్గంలో ఈ పేర్లన్నీ వరుసగా స్టేషన్లయ్యాయి. ఆ మార్గం రోడ్డు నడుమ పెద్ద స్తంభాలను నిలబెట్టింది. కొత్త డ్రైవరుకు ఇది చిన్న విషయం కాదు. యూటర్ను దగ్గర ఆగినప్పుడు అవతలివైపు నుంచి వచ్చే బండిని స్తంభం పూర్తిగా కప్పేస్తుంది. చూసి తిరిగాననుకుంటాడు గానీ, నిజానికి అతను చూసింది స్తంభాన్నే. 2023 ఆగస్టు 19న ప్రారంభమైన ఇందిరా పార్కు–వీఎస్టీ స్టీలు బ్రిడ్జి అశోక్ నగర్, ఆర్టీసీ క్రాస్ రోడ్స్ మీదుగా సాగుతుంది. నాయిని నర్సింహారెడ్డి పేరు పెట్టిన ఈ వంతెన మీదికి కొంత రద్దీ ఎక్కిపోయింది. కింద మిగిలినదంతా స్థానికుల రద్దీ. చిక్కడపల్లి గ్రంథాలయానికి నడిచిపోయే విద్యార్థులు, సినిమా వదిలాక ఒక్కసారిగా రోడ్డు దాటే జనం, జిరాక్స్ షాపుల ముందు అడ్డంగా నిలిపిన బైకులు.

కాగితం పుట్టుక

బండి నడపడానికి అనుమతి కావాలన్న ఆలోచన మోటారు కారుతో పాటే పుట్టింది. పారిస్ పోలీసులు 1893లోనే డ్రైవర్లకు అనుమతి పత్రం తప్పనిసరి చేశారు. బ్రిటన్ 1903 చట్టంతో లైసెన్సు పెట్టినా పరీక్ష మాత్రం పెట్టలేదు. రుసుము కడితే లైసెన్సు వచ్చేది. అక్కడ పరీక్ష తప్పనిసరి అయింది 1935లో. తెల్ల పలక మీద ఎర్రటి ‘ఎల్’ అక్షరం కూడా ఆ సంవత్సరమే అక్కడ మొదలైంది. హైదరాబాద్ వీధుల్లో శిక్షణ కార్ల మీద కనిపించే ఎల్ బోర్డుకు మూలం అదే.

బ్రిటిష్ ఇండియాలో 1914లో మొదటి మోటారు వాహనాల చట్టం, 1939లో రెండోది వచ్చాయి. హైదరాబాద్ సంస్థానంలో మొదట్లో కారంటే రాచకుటుంబం, పాయిగా ప్రభువుల వంతు, నడిపేది జీతానికి పెట్టుకున్న డ్రైవరు. ఆరో నిజాం కోసం తయారై ఏడో నిజాం కాలంలో చేరిన 1912 నాటి రోల్స్ రాయిస్‌ను చౌమహల్లా ప్యాలెస్‌లో ఇప్పటికీ చూడవచ్చు. మామూలు జనానికి మోటారు ప్రయాణాన్ని దగ్గర చేసింది 1932 జూన్‌లో నిజాం రాష్ట్ర రైల్వే 27 బస్సులతో ప్రారంభించిన రోడ్డు రవాణా విభాగం. నేటి ఆర్టీసీకి అదే తల్లివేరు. సొంత బండి, సొంత లైసెన్సు మధ్యతరగతి ఇంట్లో మామూలు సంగతి కావడానికి ఆ తరువాత చాలా కాలం పట్టింది.

ఇప్పుడు దేశమంతా అమల్లో ఉన్నది 1988 చట్టం. అది 1989 జూలై 1 నుంచి అమలైంది. వివరాలన్నీ 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో ఉంటాయి. 2019 సవరణ శిక్షలనూ గడువులనూ చాలావరకు మార్చింది. రోడ్డు మీద ఎలా మెలగాలో 2017 డ్రైవింగ్ నియమావళి చెబుతుంది. కొత్తగా నేర్చుకునేవారు వీటిలో ఒక్కటి చదవాలనుకుంటే ఆ నియమావళిని చదవడం మంచిది. లైసెన్సు చేతికొచ్చాక కూడా పనికొచ్చేది అదే.

ఎల్‌ఎల్‌ఆర్

గేరున్న బైకుకైనా కారుకైనా కనీస వయసు 18 ఏళ్లు. 50 సీసీ లోపు ఇంజను ఉండి గేర్లు లేని బండికి మాత్రం 16 ఏళ్లు చాలు, అయితే తల్లిదండ్రుల సమ్మతి కావాలి. ఇప్పుడు రోడ్డు మీద తిరిగే స్కూటర్లు దాదాపు అన్నీ 100 సీసీ దాటినవే. ఇంటర్ చదివే పిల్లవాడికి ‘స్కూటీకి పదహారేళ్లు చాలు’ అని ఇంట్లో సర్దిచెప్పుకోవడం పొరపాటు. ఇక గంటకు 25 కిలోమీటర్లు దాటని, 250 వాట్ల లోపు మోటారున్న ఎలక్ట్రిక్ బండ్లు చట్టం దృష్టిలో మోటారు వాహనాలే కావు, వాటికి లైసెన్సు అక్కర్లేదు. అలాంటిదేనని చెప్పి అమ్మే ప్రతి బండీ ఆ హద్దుల్లోనే ఉందో లేదో కొనేవారే చూసుకోవాలి.

దరఖాస్తు ఆన్‌లైన్లోనే పెట్టాలి. వయసుకూ చిరునామాకూ రుజువులు జతచేసి, రుసుము కట్టి, స్లాటు బుక్ చేసుకోవాలి. కేంద్ర నిబంధనల ప్రకారం ఎల్‌ఎల్‌ఆర్‌కు ఒక్కో తరగతి వాహనానికి 150 రూపాయలు, పరీక్షకు 50. దీనిపైన రాష్ట్ర సేవా రుసుములు ఉంటాయి. ఆరోగ్యంగా ఉన్నానని ఫారం 1లో స్వయంగా రాసిస్తే సరిపోతుంది. నలభై దాటినవారు, రవాణా వాహనాలు నడపబోయేవారు డాక్టరు సంతకంతో ఫారం 1ఎ ఇవ్వాలి. బైకు, కారు రెండూ నేర్చుకోవాలనుకునేవారు ఒకే దరఖాస్తులో రెండింటికీ టిక్కు పెట్టుకుంటే మంచిది. తరువాత ఇంకో తరగతి చేర్చుకోవాలంటే మళ్లీ ఎల్‌ఎల్‌ఆర్ దగ్గర నుంచి మొదలుపెట్టాలి.

హైదరాబాద్ నగరంలో ఆర్టీఏ, అంటే ప్రాంతీయ రవాణా కార్యాలయం, ఐదు జోన్లుగా పనిచేస్తుంది. ఖైరతాబాద్ సెంట్రల్ జోన్, సికింద్రాబాద్ నార్త్, మలక్‌పేట ఈస్ట్, బహదూర్‌పురా సౌత్, మెహదీపట్నం వెస్ట్. బండి నంబరులో రాష్ట్ర అక్షరాల తరువాత వచ్చే 09 నుంచి 13 దాకా అంకెలు వరుసగా ఈ ఐదింటివే. ఆ అక్షరాలు మొదట ఏపీ, 2014లో రాష్ట్రం వేరుపడ్డాక టీఎస్, 2024 మార్చి నుంచి టీజీ. సుల్తాన్ బజార్ నుంచి చాదర్‌ఘాట్ దాటితే మలక్‌పేట. అయితే 2019 సవరణ తరువాత, ఉంటున్న రాష్ట్రంలోని ఏ లైసెన్సింగ్ అధికారికైనా దరఖాస్తు చేసుకునే వీలుంది.

ఈ వెసులుబాటు అశోక్ నగర్‌కు ప్రత్యేకంగా ఉపయోగం. గ్రూప్స్, పోలీసు ఉద్యోగాల కోచింగ్ కోసం జిల్లాల నుంచి వచ్చి హాస్టళ్లలో ఉండే వేలమందికి ఆధార్‌లో చిరునామా ఊరిదే ఉంటుంది. కార్డు స్పీడ్ పోస్టులో వచ్చేది దరఖాస్తులో రాసిన చిరునామాకే. రూము మారినప్పుడల్లా చిరునామా మార్చుకునే కన్నా, అమ్మానాన్నలు తప్పక ఉండే ఊరి చిరునామాతోనే పెట్టుకోవడం చాలామందికి తేలిక. ఆంధ్రప్రదేశ్ నుంచి వచ్చి చదువుకునేవారికి మాత్రం రాష్ట్రం వేరు కాబట్టి, ఇక్కడ ఉంటున్నట్టు రుజువు చూపాలి, లేదా సెలవుల్లో ఊరికెళ్లినప్పుడే ఆ పని చూసుకోవాలి. ఇక్కడ చదువుకునే వారిలో కొందరికి లైసెన్సు ఉద్యోగార్హత కూడా. కొన్ని డ్రైవరు పోస్టులకు భారీ వాహన లైసెన్సు అడుగుతారు. చట్టప్రకారం రవాణా వాహనానికి ఎల్‌ఎల్‌ఆర్ ఇవ్వాలంటే లైట్ మోటార్ వెహికల్ లైసెన్సు కనీసం ఏడాది పాతదై ఉండాలి. అంటే నోటిఫికేషన్ పడ్డాక పరుగెత్తితే లాభం లేదు. ముందుగానే కారు లైసెన్సు తీసుకున్నవాడికే ఆ దారి తెరిచి ఉంటుంది.

పరీక్ష రోజున ఫొటో, సంతకం తీసుకుని కంప్యూటరు ముందు కూర్చోబెడతారు. 20 ప్రశ్నలు, 12 సరైన జవాబులు వస్తే పాస్. తెలుగులోనూ రాయవచ్చు. రోడ్డు గుర్తులు, చేతి సంజ్ఞలు, ప్రమాదం జరిగితే డ్రైవరు చేయాల్సిన పనులు, కాపలా లేని రైల్వే గేటు దగ్గర జాగ్రత్తలు, బండిలో ఉండాల్సిన కాగితాలు అడుగుతారు. గుర్తులను బట్టీ పట్టనక్కర్లేదు. ఆకారం చూస్తే అర్థమవుతుంది. గుండ్రంగా ఉంటే ఆజ్ఞ, తప్పక పాటించాలి. త్రికోణం హెచ్చరిక. నలుచదరం సమాచారం. ‘ఆగు’ గుర్తుకు ఎనిమిది మూలలు, ‘దారి ఇవ్వు’ గుర్తుకు తలకిందులైన త్రికోణం ప్రత్యేకంగా కేటాయించారు. మంచూ దుమ్మూ కప్పేసినా ఆకారం బట్టి తెలియాలని.

ప్రమాదానికి సంబంధించిన ప్రశ్నను చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. గాయపడినవారికి వెంటనే వైద్యం అందేలా చూడాలని, 24 గంటల్లోగా పోలీసులకు తెలపాలని 134వ సెక్షను చెబుతుంది. జనం కొడతారన్న భయంతో పారిపోయేవాళ్లున్న చోట ఈ ఒక్క జవాబును తల్లిదండ్రులు పిల్లల చేత పదిసార్లు చెప్పించినా తప్పులేదు. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. సకాలంలో ఆసుపత్రికి చేరితే బతికేవారు ఆ లెక్కలో ఎందరో ఉంటారు. ఆదుకున్నవారిని కేసుల్లోకి లాగకుండా 134ఎ సెక్షను రక్షణ కల్పిస్తుంది.

ముప్పై రోజులు

ఎల్‌ఎల్‌ఆర్ ఉన్నంత మాత్రాన ఒంటరిగా బండి తీయకూడదు. కేంద్ర నిబంధనల్లోని మూడో నిబంధన ప్రకారం కారులో పక్కన లైసెన్సున్న మనిషి ఉండాలి. అతడు అవసరమైతే బండిని ఆపగలిగే చోట కూర్చోవాలి. వెనక సీట్లో కూర్చుని ఫోను చూసుకునే బావగారు ఈ లెక్కలోకి రాడు. బండికి ముందూ వెనకా తెల్ల నేపథ్యం మీద ఎర్ర ‘ఎల్’ ఉండాలి. దాని కొలతలు కూడా రాసిపెట్టారు. పలక 18 సెంటీమీటర్ల చదరానికి తగ్గకూడదు. అక్షరం 10 సెంటీమీటర్ల ఎత్తు, 2 సెంటీమీటర్ల మందం, అడుగున 9 సెంటీమీటర్ల వెడల్పు ఉండాలి. బైకు నేర్చుకునేవారు వెనక శిక్షకుణ్ని తప్ప ఎవరినీ ఎక్కించుకోకూడదు. స్నేహితుణ్ని కూర్చోబెట్టుకుని ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌కు సినిమాకు వెళ్లడం ఎల్‌ఎల్‌ఆర్ మీద కుదరదు. దీనికి బీమాతో కూడా ముడి ఉంది. కారు పాలసీల్లో ఉండే డ్రైవరు షరతు, లెర్నరు ఈ మూడో నిబంధన పాటిస్తేనే వర్తిస్తుంది. ‘ఎల్’ అతికించలేదనో, పక్కన లైసెన్సున్న మనిషి లేడనో తేలితే బీమా సొమ్ము దగ్గర ఇబ్బంది మొదలవుతుంది.

నేర్చుకోవడానికి రెండు దారులు. ఒకటి డ్రైవింగ్ స్కూలు, రెండోది ఇంట్లోవాళ్లు. స్కూలు కారుకు బోధకుడి వైపు కూడా క్లచ్చు, బ్రేకు ఉంటాయి. నిబంధనలు కారు నేర్పే స్కూలుకు కనీసం 21 రోజుల శిక్షణ, అందులో పది గంటల అసలు డ్రైవింగ్ విధిస్తాయి. రోజుకు అరగంట చొప్పున పదిరోజులు తిప్పి ‘అయిపోయింది’ అంటే, ఆ పది గంటల్లో సగమే అయిందని తెలుసుకోవాలి. 2021 జూలై నుంచి అమల్లోకి వచ్చిన అక్రెడిటెడ్ శిక్షణ కేంద్రాల పద్ధతిలో కారు కోర్సు 29 గంటలు, నాలుగు వారాల్లో పూర్తి. అలాంటి కేంద్రంలో పాసైనవారికి ఆర్టీఏ ట్రాక్ పరీక్ష నుంచి మినహాయింపు దొరుకుతుంది. తెలంగాణలో సిరిసిల్ల దగ్గర మండెపల్లిలో పెద్ద డ్రైవర్ శిక్షణ సంస్థ ఉంది, కానీ సుల్తాన్ బజార్ వాసికి అది దూరమే. ఇక్కడివారికి ఆచరణలో మిగిలేది పేటలోని స్కూలూ, నాన్నో అన్నో.

స్కూలు కారు ఎక్కినవాడు మొదట నేర్చేది హాఫ్ క్లచ్. క్లచ్చు పూర్తిగా వదలకుండా, పట్టుకునే చోట పాదం నిలిపి, బండిని నడకవేగంతో కదిలించడం. చిక్కడపల్లి ప్రధాన రహదారి మీద సాయంత్రం ఆరు గంటలకు కారు నడిచేదంతా హాఫ్ క్లచ్ మీదే. అది పట్టుబడని వాడు ప్రతి రెండు మీటర్లకూ ఇంజను ఆపేస్తాడు. వెనక హారన్లు మొదలవుతాయి, చేతులు వణుకుతాయి, మళ్లీ ఇంజను ఆగుతుంది. ఇక్కడ ఒక్క సలహా చెప్పాలనిపిస్తుంది. ఇంజను ఆగినప్పుడు తొందరపడి కీ తిప్పకండి. బ్రేకు నొక్కి, గేరు న్యూట్రల్‌కు తెచ్చి, ఊపిరి తీసుకుని, అప్పుడు స్టార్టు చేయండి. వెనకవాడు అరిచినా అరవకపోయినా ఆ నాలుగు సెకన్లు మీవే.

ఏ సమయంలో నేర్చుకోవాలన్నది ఏ రోడ్డు మీదన్న దానికన్నా ముఖ్యం. ఆదివారం ఉదయం ఆరు గంటలకు అశోక్ నగర్ నుంచి ఇందిరా పార్కు వైపు వెళ్లే రోడ్లు దాదాపు ఖాళీ. మొదటి వారం అక్కడ తిప్పుకోవచ్చు. ముందుకు, ఆపడం, కుడి ఎడమ మలుపులు. రెండో వారం అదే రోడ్డు మీద ఏడున్నరకు, పాలవాళ్లూ పేపరు కుర్రాళ్లూ వాహ్యాళి నుంచి వచ్చే పెద్దవాళ్లూ ఉన్నప్పుడు. మూడో వారం నారాయణగూడ ఫ్లైఓవరు ఎక్కడం దిగడం. ఎక్కేటప్పుడు ముందు బండి ఆగితే వెనక్కి జారకుండా హ్యాండ్ బ్రేకుతో నిలిపి మళ్లీ కదలడం అక్కడే వస్తుంది. నాలుగో వారం సాయంత్రం, పక్కన అనుభవజ్ఞుడితో, వైఎంసీఏ కూడలి నుంచి నారాయణగూడ మీదుగా. ఈ వరుస ఏ పుస్తకంలోనూ లేదు. కానీ భయపడి మధ్యలో మానేసినవాళ్లలో ఎక్కువమంది మొదటిరోజే రద్దీలోకి దిగినవాళ్లే.

సుల్తాన్ బజార్ సందుల్లోకి మాత్రం ఎల్ బోర్డుతో వెళ్లవద్దు. పండుగ ముందు వారాల్లో అక్కడ మనుషుల మధ్య బండి దూర్చడమంటే నైపుణ్యం కాదు, జనాన్ని ఇబ్బంది పెట్టడం. బజారులో నడిచే మనిషి బండిని చూడడు, తూకం చూస్తాడు, బేరం చూస్తాడు, చేయి పట్టుకున్న పిల్లను చూస్తాడు. అక్కడ దారి బండిది కాదు, అతనిదే. 2017 నియమావళి కూడా సిగ్నలు లేని జీబ్రా గీతల దగ్గర ముందు పాదచారికే హక్కు ఇచ్చింది. మనకు ఈ నియమం పరీక్షలో జవాబుగానే మిగిలిపోయింది. చిక్కడపల్లి గ్రంథాలయం ముందు జీబ్రా గీతల మీద కొత్త డ్రైవరు ఆగితే, రోడ్డు దాటుతున్న విద్యార్థి కూడా ఆశ్చర్యంగా చూస్తాడు. అయినా ఆగాల్సిందే. వెనకవాడు హారన్ కొడితే కొట్టనివ్వండి.

వాన పడితే లెక్క మారిపోతుంది. హుస్సేన్ సాగర్ మిగులు నీటిని తీసుకెళ్లే నాలా అశోక్ నగర్, దోమలగూడ పక్కల నుంచి సాగుతుంది. గట్టి వానకు ఆ పల్లపు రోడ్లలో నీళ్లు నిలుస్తాయి. నీటి కింద మ్యాన్‌హోల్ మూత ఉందో లేదో తెలియదు. కొత్త డ్రైవరు ఆ రోజు బండిని ఇంటి దగ్గరే ఉంచాలి. మెట్రో ఉంది, ఆర్టీసీ ఉంది.

ఇంకో రెండు అలవాట్లు ఈ నెలలోనే చేతికి పట్టాలి. ఒకటి కూడలి. సిగ్నలు లేని చోట కుడివైపు నుంచి వచ్చే బండికి దారి ఇవ్వాలి. నగరంలో ‘ఎవరు ముందు దూరితే వారిది’ అన్న లెక్క నడుస్తుంది కాబట్టి, ఈ నియమాన్ని ఎరిగినవాడు కూడా రెండో రోజుకే వదిలేస్తాడు. రెండోది అద్దాలు. అద్దంలో చూడకుండా లేన్ మారడం వల్ల, ఎడమవైపు నుంచి సందు చూసుకుని వచ్చే స్కూటరువాడు దెబ్బతింటాడు. ఆర్టీసీ బస్సు స్టాపులో ఆగినప్పుడు దాన్ని దాటుతూ కుడికి కోసే ప్రతి కారూ ఒక్కసారి అద్దం చూడాలి, దిగిన ప్రయాణికుడు బస్సు ముందు నుంచి రోడ్డు దాటుతాడేమోనన్నదీ గుర్తుపెట్టుకోవాలి.

ట్రాక్

నగర మధ్యలోని చాలామందికి కారు పరీక్ష అంటే నాగోలు. అక్కడి ట్రాక్ పేరు డ్రైవింగ్ స్కూళ్ల నోట ఎప్పుడూ వినిపిస్తుంది. పరీక్షకు ఒక్కో తరగతికి 300 రూపాయలు, కార్డు జారీకి 200 కేంద్ర రుసుము. పొద్దున్నే వెళితే వరుస చిన్నగా ఉంటుంది. బైకు పరీక్షకు హెల్మెట్ మర్చిపోవద్దు.

బైకువారు ‘ఎనిమిది’ వేయాలి. గీతలు దాటకుండా, కాలు నేల మీద పెట్టకుండా ఎనిమిది అంకె ఆకారంలో తిరగాలి. చూపు ముందు చక్రం మీద ఉంటే పడిపోతారు. వెళ్లాల్సిన చోటు చూస్తే బండి దానంతటదే తిరుగుతుంది. కారువారికి ‘హెచ్’ కష్టం. ఒక కాలు వెంట ముందుకెళ్లి, నడిమి అడ్డగీత గుండా రివర్సులో రెండో కాలులోకి చేరాలి, పక్కల పాతిన కర్రలకు తాకకూడదు. తరువాత పాము మెలికలాంటి ‘ఎస్’, ఎత్తు ఎక్కుతూ మధ్యలో ఆగి, వెనక్కి జారకుండా మళ్లీ కదలడం. నారాయణగూడ ఫ్లైఓవరు మీద సాయంత్రం ఆగి కదిలినవాడికి ఆ చిన్న ఎత్తు లెక్కలోకే రాదు. బయల్దేరే ముందు అద్దం సరిచేసుకున్నాడా, చేతి సంజ్ఞ ఇచ్చాడా, గేర్లు సరిగా మార్చాడా అన్నవి కూడా నిబంధనల్లో ఉన్న అంశాలే. వాటిని మర్చిపోయేవాళ్లే ఎక్కువ.

ఫెయిలైతే ఏడు రోజుల తరువాత మళ్లీ రావచ్చు. వరుసగా మూడుసార్లు పోతే 60 రోజులు ఆగాలి, 2019 సవరణ ప్రకారం మళ్లీ శిక్షణ కూడా తీసుకోవాలి. ఆఫీసు గేటు దగ్గర ‘నేను చూసుకుంటా’ అనే ఏజెంట్ల మాట వినవద్దు. డబ్బు పోవడం అటుంచి, గీతల మధ్య నడపలేనివాడి చేతిలో కార్డు పెట్టి ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌కు పంపడం వల్ల ఎవరికి నష్టమో రోడ్డు దాటే తల్లికి తెలుసు. అందుకే ఫెయిలైనవాళ్లను ఇంట్లోవాళ్లు ఎగతాళి చేయకూడదు. నిజాయతీగా ఫెయిలైనవాడే ఇంకో వారం నేర్చుకుని మంచి డ్రైవరవుతాడు.

ఎవరికి, ఎలా

చాలా కాలం ఈ పరీక్ష వరుసలో మగవాళ్లే ఎక్కువ. పెళ్లయ్యాక, పిల్లల స్కూలు మొదలయ్యాక నేర్చుకునే స్త్రీలు ఇప్పుడు ఎంతోమంది. హైదరాబాద్‌లో జై భారతి ప్రారంభించిన ‘మోవో’ సంస్థ మహిళలకు టూ వీలర్ నేర్పుతోంది. నేర్చుకోవాలని ఉన్నా ఇంట్లో నేర్పేవారు లేని ఆడవాళ్లకు మహిళా బోధకులున్న చోటు దొరకడం పెద్ద ఊరట.

వికలాంగులకు తమకు తగ్గట్టు మార్పులు చేయించిన బండి మీద లైసెన్సు దొరుకుతుంది. 2020 జూన్ సవరణ తరువాత స్వల్పంగా, మధ్యస్థంగా రంగులు గుర్తించలేని వారికి కూడా దారి తెరుచుకుంది. అంతకుముందు ఎరుపు ఆకుపచ్చల తేడా తెలియదని తిరస్కరించిన ఎంతమందో ఇళ్లలో మౌనంగా ఉండిపోయారు. నిలువు సిగ్నలులో ఎరుపు ఎప్పుడూ పైనే ఉంటుంది, ఆకుపచ్చ కిందే. దాన్ని చూసి నడపగలిగేవారిని ఆపడంలో న్యాయం లేదని గుర్తించడానికి ఇంత కాలం పట్టింది.

శిక్షలు తెలిసి ఉండాలి. లైసెన్సు లేకుండా నడిపితే చట్టంలో 5,000 రూపాయల జరిమానా గానీ, మూడు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ. అలాంటివారికి బండి ఇచ్చిన యజమానికీ శిక్ష ఉంది. పద్దెనిమిది నిండని పిల్లవాడు బండి నడిపి నేరానికి పాల్పడితే 199ఎ సెక్షను తల్లిదండ్రులకు మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా, బండి రిజిస్ట్రేషన్ పన్నెండు నెలల రద్దు, ఆ పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు నిషేధం చెబుతుంది. పదో తరగతి పాసైతే బైకు కొనిస్తామనే మాట ఇళ్లలో మానుకోవాలి. మద్యం తాగి నడిపేవారి వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాలు దాటితే నేరం. లెర్నరుకూ అంతే.

కార్డు వచ్చాక

ఇప్పటి లెక్కలో 30 ఏళ్లలోపు తీసుకున్న మామూలు లైసెన్సు 40 ఏళ్లు నిండేదాకా చెల్లుతుంది. 30 నుంచి 50 లోపు వారికి పదేళ్లు, 50–55 మధ్య వారికి అరవయ్యో ఏడు దాకా, ఆపై వారికి ఐదేళ్లు. అంటే అశోక్ నగర్ హాస్టల్లో పద్దెనిమిదో ఏట తీసుకున్న కార్డు 22 ఏళ్ల పాటు పనికొస్తుంది. గడువు అయ్యాక పాత చట్టంలో ఉన్న 30 రోజుల వెసులుబాటు ఇప్పుడు లేదు, ఏడాది దాటిపోతే మళ్లీ ట్రాక్ ఎక్కాలి. కార్డు జేబులో లేకపోయినా డిజిలాకర్‌లో ఉన్నది చూపిస్తే చాలు. కారు లైసెన్సుతో 7,500 కిలోల లోపు బరువున్న రవాణా వాహనాలు కూడా నడపవచ్చని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరు 6న స్పష్టం చేసింది. చిన్న డెలివరీ వ్యాను నడిపి బతకాలనుకునే కుర్రాళ్లకు అది అవసరమైన తీర్పు.

అమెరికాకు చదువుకోవడానికి వెళ్లే పిల్లలు ప్రయాణానికి ముందు 1,000 రూపాయలతో అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ తీసుకుంటారు. గడువు ఏడాది, అసలు లైసెన్సు కూడా వెంట ఉండాలి. కానీ దాన్ని నమ్ముకుని అక్కడ ఎక్కువ రోజులు గడపలేరు. కాలిఫోర్నియాలో స్థిరపడినవారు పది రోజుల్లో అక్కడి లైసెన్సుకు దరఖాస్తు చేసుకోవాలి. అక్కడ రోడ్డు కుడివైపు, స్టీరింగు ఎడమవైపు. మళ్లీ ఒక కొత్త ట్రాక్, మళ్లీ పరీక్ష పెట్టే అధికారి పక్క సీట్లో. చిక్కడపల్లి సాయంత్రాల్లో హాఫ్ క్లచ్ మీద నడిచిన పాదానికి ఆటోమేటిక్ కారులో చేసే పని ఉండదు. కుడివైపు నుంచి వచ్చే బండికి ఆగే అలవాటు, జీబ్రా గీతల దగ్గర ఆగే అలవాటు మాత్రం ఆ మొదటి నెలలో పట్టుబడి ఉంటే అక్కడ కూడా పనికొస్తాయి.